మూడో అమ్మాయి మధ్యలో వెళ్లిపోతే అద్దె ఎవరు కట్టాలి?

ప్రశ్న: మా అమ్మాయికి కాకుటూరులోని విక్రమ సింహపురి యూనివర్సిటీలో పీజీ సీటు వచ్చింది. ఇంకో ఇద్దరితో కలిసి నెల్లూరు వేదాయపాళెంలో రెండు బెడ్‌రూముల ఇల్లు చూసుకుంది. ఓనరు ఐదు నెలల అడ్వాన్స్ అడుగుతున్నారు, అగ్రిమెంటు అక్కర్లేదు, నమ్మకం చాలంటున్నారు. కింద పోర్షన్‌కీ దీనికీ ఒకటే కరెంటు మీటరు. ఇవ్వమంటారా?
- ఒక తల్లి, ఉదయగిరి

జవాబు: ఇల్లు నచ్చితే తీసుకోండమ్మా, కాగితం లేకుండా మాత్రం ఒక్క రూపాయి ఇవ్వొద్దు. ఆయన మంచివారే కావచ్చు, కానీ రేపు ఇల్లు అమ్మేస్తే కొన్నవాళ్ల దగ్గర మీ అడ్వాన్స్ సంగతి ఏం చూపించి అడుగుతారు? ఏడాది దాటితేనే రిజిస్ట్రేషన్ కావాలని చాలామంది 11 నెలలకు రాసుకుంటారు, కానీ 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టానికి మన రాష్ట్రం 1999లో చేసిన సవరణ ప్రకారం ఇక్కడ ఏడాది లోపు అద్దె ఒప్పందాన్ని కూడా రిజిస్టరు చేయించాలి. మీరూ రాయించి రిజిస్టరు చేయించుకోండి. అడ్వాన్స్ ఎంత, ఖాళీ చేశాక ఎన్ని రోజుల్లో తిరిగిస్తారు, రంగులకని ఎంత పట్టుకుంటారు, ఈ మూడూ అందులో ఉండాలి. డబ్బు బ్యాంకు ఖాతాకే పంపండి. కేంద్రం 2021లో తెచ్చిన నమూనా అద్దె చట్టం ఇళ్లకు రెండు నెలల అద్దెకు మించి డిపాజిట్ వద్దంటుంది. అది రాష్ట్రాలకు నమూనా మాత్రమే, అయినా బేరానికి పనికొస్తుంది, అడగండి.

నాకు ఎక్కువ టెన్షన్ ఆ మూడో అమ్మాయి గురించి. పీజీ రెండేళ్లు. ఈలోపు ఒకరికి ఉద్యోగం రావచ్చు, పెళ్లి కుదరచ్చు, అప్పుడు ఓనరు అద్దె తగ్గించరు, మిగిలిన ఇద్దరి మీదే పడుతుంది, అగ్రిమెంటు మీ అమ్మాయి ఒక్కదాని పేరు మీదే ఉంటే మొత్తం ఆమెనే అడుగుతారు. కాబట్టి ముగ్గురి పేర్లూ రాయించండి. వెళ్లే అమ్మాయి నెల ముందు చెప్పాలి, తన బదులు ఇంకొకరిని తీసుకురావాలి, తన వాటా అడ్వాన్స్ ఆ కొత్త అమ్మాయి దగ్గర తీసుకోవాలి. దీన్ని మూడు ఇళ్ల పెద్దవాళ్లూ కూర్చుని ఇప్పుడే ఒక పేపరు మీద రాసుకోండి. పిల్లలు మొహమాటపడి ఈ మాట ఎత్తరు, మీరే ఎత్తాలి.

మీటరు సంగతి తేలిగ్గా వదలొద్దు. యూనిట్లు పెరిగేకొద్దీ పైన పడే యూనిట్లకు రేటు ఎక్కువ, రెండు పోర్షన్ల వాడకం ఒకే బిల్లులో కలిస్తే పొదుపుగా వాడిన పిల్లలు కూడా పై స్లాబు రేటు కట్టాల్సి వస్తుంది. కనీసం పిల్లల పోర్షన్ వాడకాన్ని విడిగా చూపే సబ్ మీటరు పెట్టమనండి, ప్రతి నెలా అసలు బిల్లు చూపించాలని రాయించండి.

ఇక కాకుటూరు దాకా రోజూ హైవే ప్రయాణం. అడ్వాన్స్ ఇవ్వకముందే అమ్మాయిని ఒక సాయంత్రం క్లాసులు వదిలే వేళకు అక్కడి నుంచి బస్సులో వేదాయపాళెం రమ్మనండి, రోడ్డు దాటడం, బస్సు దిగి ఇంటిదాకా నడవడం ఎలా ఉందో తనే చెబుతుంది. మనకు పెద్ద వానలు అక్టోబరు, నవంబరుల్లోనే కదా, 2021 నవంబరు వరదల్లో ఆ వీధిలో నీళ్లు ఎక్కడిదాకా నిలిచాయో పక్కింటివాళ్లను అడగండి. చేరే రోజు ప్రతి గదినీ, గోడల చెమ్మతో సహా, మీటరు రీడింగునూ వీడియో తీసి ఓనరుకు వాట్సాప్‌లో పంపమనండి.