అమెరికా ఫీజుకు 20 శాతం కోత ఉండదు, కట్టాల్సిన పన్ను ప్లాటు మీద ఉంది

ప్రశ్న: నేను తిరుపతిలో గవర్నమెంట్ హైస్కూల్ టీచర్‌ని. మా అబ్బాయికి అమెరికాలో ఎంఎస్ సీటు వచ్చింది, ఆగస్టులో ప్రయాణం. బ్యాంకు 25 లక్షల ఎడ్యుకేషన్ లోన్ ఇచ్చింది. ఇంకో 14 లక్షలు మేం పంపాలి. దానికోసం రేణిగుంట దగ్గర 2010 జూన్‌లో 4 లక్షలకు కొన్న ప్లాటును ఈ జనవరిలో 18 లక్షలకు అమ్మేశాం. విదేశాలకు డబ్బు పంపితే 20 శాతం కోస్తారని, ఏప్రిల్ నుంచి చట్టమే మారిపోయిందని అందరూ అంటున్నారు. తెలిసినాయన ఒకరు, అమెరికాలో ఉన్న తన కొడుకు అక్కడే ఫీజు కట్టేస్తాడని, మేం ఆ రూపాయలు ఇక్కడ ఆయనకిస్తే చాలని చెప్తున్నారు. అలా చేయొచ్చా?

జవాబు: సార్, ముందు ఆ ఆఖరి మాట తేల్చేద్దాం. చేయకండి. ఆయన మంచి మనసుతోనే చెప్పి ఉండొచ్చు, మన వైపు చాలా ఇళ్లలో ఇలాగే నడుస్తోంది కూడా, కానీ అక్కడ డాలర్లు కట్టించి ఇక్కడ రూపాయలు సర్దుకోవడం ఫెమా చట్టం (విదేశీ మారకం చట్టం) ఒప్పుకోదు, పట్టుబడితే ఆ మొత్తానికి మూడు రెట్ల వరకు పెనాల్టీ వేయొచ్చు. పైగా రేపు అబ్బాయి ఫీజు ఎక్కడి నుంచి వచ్చిందని ఎవరైనా అడిగితే చూపించడానికి మీ దగ్గర ఒక్క కాగితం ఉండదు. ఇంత రిస్కు తీసుకుని మీరు తప్పించుకునేది ఎంతో తెలుసా? మహా అయితే 8 వేలు, అదీ మీకు తిరిగొచ్చే డబ్బు.

లెక్క చూడండి. బ్యాంకు కోసేది టీసీఎస్, అంటే డబ్బు పంపేటప్పుడే వసూలు చేసే పన్ను. అది మీ పాన్ మీద ముందుగా జమయ్యే మొత్తమే తప్ప అదనపు పన్ను కాదు. ఏడాదికి ఒక మనిషి పంపే మొత్తం 10 లక్షలు దాటితేనే, దాటిన భాగం మీదే కోస్తారు. 2025 మార్చి దాకా ఈ హద్దు 7 లక్షలే ఉండేది. చదువుకైతే రేటు 5 శాతం ఉండేది, ఈ ఏడాది బడ్జెట్‌లో దాన్ని 2 శాతానికి తగ్గించారు, ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. అంటే 14 లక్షలూ మీరొక్కరే పంపినా 4 లక్షల మీద 8 వేలు. బ్యాంకు లోన్ డబ్బుకైతే 2025 ఏప్రిల్ నుంచి టీసీఎస్ అసలే లేదు. ఆ రెమిటెన్స్ మాత్రం అబ్బాయి పాన్ మీదే వెళ్లేలా చూడమని బ్యాంకులో చెప్పండి, మీ 10 లక్షల హద్దు మీకే మిగులుతుంది.

మరి 20 శాతం అన్నది ఎక్కడిదంటే, అదీ నిజమే, కానీ గిఫ్టు, పెట్టుబడి, బంధువుల పోషణ లాంటి వాటికి. ఇక్కడే జాగ్రత్తగా ఉండాలి. బ్యాంకులో ఏ2 ఫారం (విదేశాలకు డబ్బు పంపే దరఖాస్తు) నింపేటప్పుడు ఎందుకు పంపుతున్నారో ఒక కోడ్ రాయాలి. విదేశీ చదువుకు ఎస్0305. కౌంటర్‌లో తొందరపడి గిఫ్టు అనో ఫ్యామిలీ మెయింటెనెన్స్ అనో రాసేస్తే 8 వేలు కాస్తా 80 వేలవుతుంది. ఫీజు ఒక్కటే చదువు ఖర్చు అనుకోకండి, అక్కడ రూము అద్దె, తిండి, ఫ్లైట్ టికెట్ కూడా చదువు కిందికే వస్తాయని ఆదాయపు పన్ను శాఖ 2023లోనే సర్క్యులర్‌లో స్పష్టంగా చెప్పింది. అడ్మిషన్ లెటర్, ఐ-20 (వీసా కోసం అమెరికా యూనివర్సిటీ ఇచ్చే పత్రం) కాపీ వెంట తీసుకెళ్లండి.

ఆ 8 వేలు కూడా వద్దనుకుంటే దారి ఉంది. మేడమ్ గారికి పాన్ ఉంటే 7 లక్షలు ఆవిడ ఖాతాకు బదిలీ చేయండి, భర్త భార్యకిచ్చే డబ్బు మీద పన్ను పడదు. ఆవిడ ఏడు, మీరు ఏడు పంపితే ఇద్దరూ హద్దు లోపలే ఉంటారు, ఇందులో దాపరికమేమీ లేదు. అలా కుదరక టీసీఎస్ కోసినా టెన్షన్ వద్దు, మీ హెడ్‌మాస్టర్ గారే డీడీఓ (జీతాల బిల్లులు చేసే అధికారి) కదా, ఆయనకు డిక్లరేషన్ ఇస్తే జీతంలో కోసే టీడీఎస్ అంత తగ్గుతుంది. 2024 అక్టోబర్ నుంచి ఈ వెసులుబాటు ఉంది, చాలామంది టీచర్లకు తెలియదు.

తిరిగి రాని డబ్బు ఎక్కడ పోతుందో కూడా చెప్తాను. మీ 14 లక్షలంటే దగ్గర దగ్గర 15 వేల డాలర్లు. బ్యాంకు డాలరుకు ఒక్క రూపాయి ఎక్కువ వేసిందంటే 15 వేలు పోయినట్టే, దాన్ని ఏ రిటర్న్‌లోనూ అడగలేరు. అందుకని ఒకే రోజు రెండు మూడు బ్యాంకుల్లో రేటు, చార్జీలు, జీఎస్టీ అన్నీ కలిపి మొత్తం ఎన్ని రూపాయలవుతుందో అడగండి. మన ఊళ్లో అన్ని బ్రాంచీల్లో విదేశీ మారకం చేయరు, కాగితాలు వేరే బ్రాంచికి పంపుతారు, కాబట్టి ఫీజు గడువుకు వారం ముందే మొదలుపెట్టండి. అబ్బాయి చేతికి నోట్లుగా 3 వేల డాలర్లకు మించి ఇవ్వకూడదు, మిగతాది ఫారెక్స్ కార్డులో వేయండి.

ఇంక ప్లాటు సంగతి. మీరు అడగలేదు కానీ నాకు బెంగంతా దీని గురించే. కొత్త ఆదాయపు పన్ను చట్టం ఏప్రిల్ 1 నుంచి వచ్చిన మాట నిజం, అయితే మీరు అమ్మింది జనవరిలో కాబట్టి దానికి పాత చట్టమే వర్తిస్తుంది. 2024 జూలై 23కు ముందు కొన్న స్థలం గనక మీకు రెండు దారులున్నాయి. ద్రవ్యోల్బణం లెక్క లేకుండా 12.5 శాతం కడితే 14 లక్షల లాభం మీద 1,75,000. ఆ లెక్క వేసుకుని 20 శాతం కడితే, మీ 4 లక్షల కొనుగోలు ధర 9 లక్షలకు పెరుగుతుంది, పన్ను 1,80,000 దాకా వస్తుంది. మొదటిదే మేలు, సెస్సుతో 1,82,000. రిజిస్ట్రేషన్ ఖర్చుల కాగితాలు ఉంటే ఇంకాస్త తగ్గుతుంది.

ఈ పన్ను మార్చిలోపే అడ్వాన్స్ టాక్స్‌గా కట్టి ఉండాలి. కట్టకపోతే ఏప్రిల్ నుంచి నెలకు 1 శాతం వడ్డీ నడుస్తూ ఉంటుంది, జూలై దాకా ఆగకండి, ఈ వారమే, మీరే లెక్కేసుకుని కట్టే సెల్ఫ్ అసెస్‌మెంట్ టాక్స్ కట్టేసి చలానా దాచుకోండి. రిటర్న్ ఎప్పటిలా ఐటీఆర్-1 కాదు, ఐటీఆర్-2 వేయాలి, గడువు జూలై 31. ఇదంతా పోను ప్లాటు డబ్బులో మీకు 16 లక్షల దాకా మిగులుతుంది, పంపాల్సిన 14 లక్షలకూ అబ్బాయి టికెట్టుకూ అది సరిపోతుంది.