వేలంలో లాటు కొని ఆన్‌లైన్‌లో అమ్మేవారు ఏం చూసుకోవాలి?

ప్రశ్న: మాది విజయవాడ. సంస్థలు ఆన్‌లైన్ వేలంలో పెట్టే పాత ఫర్నిచర్, కంప్యూటర్లు, కస్టమర్లు తిప్పి పంపిన వస్తువుల లాట్లు (ఒకే గుంపుగా వేలం వేసే సరుకు) కొని, విడివిడిగా ఆన్‌లైన్‌లో అమ్ముకుందామని మొదలుపెట్టాను. ఇళ్ల దగ్గర పాత ఫోన్లు, ఇత్తడి సామాను కూడా కొంటున్నాను. ఈమధ్య ఒక లాటులో 60 కుర్చీలు అని రాశారు. యార్డుకు వెళితే 47 ఉన్నాయి. తక్కువైన 13 కుర్చీల డబ్బు అడిగితే 'ఉన్నది ఉన్నట్టు అమ్మాం' అంటున్నారు. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చా? నాకు జీఎస్‌టీ తప్పదా? ఎప్పుడైనా దొంగ సొత్తు నా దగ్గర దొరికితే నా పరిస్థితి ఏమిటి? - ఒక పాఠకుడు

జవాబు: వినియోగదారుల కమిషన్‌లో మీ కేసు నిలవదు. తిరిగి అమ్మడానికి కొన్నవారు 2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 2(7) ప్రకారం వినియోగదారులు కారు. అక్కడ ఫిర్యాదు వేసి ఏడాది పోగొట్టుకోవద్దు.

ముందు వేలం కేటలాగు తీసి, ఆ లాటును ఏ యూనిట్‌లో అమ్మారో చూడండి. 'నంబరు' అని ఉంటే ఒక్కో కుర్చీకి ఇంత అని మీరు పాడినట్టు. అప్పుడు 47కే డబ్బు చెల్లుతుంది, ఎక్కువ కట్టింది వెనక్కి రావాలి. చెప్పిన సంఖ్య కంటే తక్కువ ఇస్తే కొన్నవాడు సరుకు వద్దనవచ్చు, లేదా వచ్చినంత తీసుకుని దానికే ధర కట్టవచ్చు అని 1930 వస్తు విక్రయ చట్టం సెక్షన్ 37 చెబుతోంది. యూనిట్ దగ్గర 'లాటు' అని ఉండి, షరతుల్లో 'పరిమాణం సుమారు మాత్రమే' అని ఉంటే మీ వాదన బలహీనమే. ఒప్పందంలోని షరతు చట్టంలోని సాధారణ హక్కును తీసేయవచ్చని అదే చట్టం సెక్షన్ 62 అంటుంది. అయితే 'సుమారు' అనే మాట కావాలని చెప్పిన అబద్ధాన్ని కప్పదు. 47 మాత్రమే ఉన్నాయని తెలిసి 60 అని రాశారని చూపగలిగితే అది మోసం కిందికి వస్తుంది.

సరుకు ఇంకా ఎత్తకపోతే లెక్క తేలేదాకా గేటు దాటించకండి. యార్డు ఇన్‌చార్జి ఎదుట లెక్కపెట్టించి, ఫొటోలు తీసి, 'అభ్యంతరంతో 47 తీసుకుంటున్నాను' అని డెలివరీ చలానా మీదే రాసి సంతకం పెట్టండి. అదే రోజు ఈమెయిల్ పంపండి. ఇప్పటికే 'పూర్తిగా ముట్టింది' అని సంతకం పెట్టి లారీ ఎత్తేసి ఉంటే, గెలవడం కష్టమని మొహమాటం లేకుండా చెబుతున్నాను. దావాకు మూడేళ్ల గడువు ఉంటుంది. వివాదం విలువ 3 లక్షలకు చేరితే కమర్షియల్ కోర్టుకే వెళ్లాలి. అత్యవసర ఉత్తర్వు అడగని కేసుల్లో దావాకు ముందు మధ్యవర్తిత్వం తప్పనిసరి. షరతుల్లో ఆర్బిట్రేషన్ క్లాజు (వివాదాన్ని కోర్టు బయట తీర్పరి దగ్గరే తేల్చుకోవాలనే షరతు) ఉందేమో కూడా చూసుకోండి. తరచుగా ఉంటుంది.

ఇకముందు వేసే వేలాల సంగతి. ఎంఎస్‌టీసీ వంటి ప్రభుత్వ సంస్థ పోర్టల్ అయినా, ప్రైవేటు సైటు అయినా, పాట పాడే ముందు ఆ లాటు ప్రత్యేక షరతులు చదవండి. సాధారణ షరతులు అన్ని లాట్లకూ ఒకటే. డబ్బు పోయేది ప్రత్యేక షరతుల్లోనే. అందరికంటే ఎక్కువ పాడినంత మాత్రాన లాటు మీది కాదు. 'ఆమోదానికి లోబడి' అని ఉంటే అమ్మేవారు అంగీకార పత్రం ఇచ్చేదాకా అది మీ ప్రతిపాదన మాత్రమే, వారు కాదనవచ్చు. ఈలోపు ఆ సరుకును మీరు ఇంకొకరికి అమ్మేస్తానని మాట ఇచ్చారో, ఇరుక్కుంటారు.

సుత్తి దెబ్బ పడేలోపు, అంటే పాట ఖరారయ్యేలోపు, పాటను వెనక్కి తీసుకోవచ్చని వస్తు విక్రయ చట్టం సెక్షన్ 64 చెబుతున్న మాట నిజమే. కానీ ధరావతు (వేలంలో పాల్గొనడానికి ముందే కట్టే డిపాజిట్) పోదని దాని అర్థం కాదు. గడువులోపు బిడ్ వెనక్కి తీసుకుంటే ధరావతు జప్తు అనే షరతు చెల్లుతుందని 2003లో జాతీయ రహదారుల సంస్థ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

సరుకు ఎత్తుకెళ్లే గడువు ఇంకో గొయ్యి. గడువు దాటాక రోజువారీ గ్రౌండ్ రెంట్ (యార్డు స్థలం అద్దె) పడుతుంది, ఇంకా జాగు చేస్తే సరుకూ కట్టిన డబ్బూ రెండూ పోయే షరతు ఉంటుంది. మంచివి ఏరుకుని మిగతావి యార్డులో వదిలేస్తామంటే చాలాచోట్ల ఒప్పుకోరు. విరిగినవాటినీ మోసుకెళ్లాలి. కాబట్టి లారీ కిరాయి, కూలి, పారేసే ఖర్చు కలిపాకే పాట లెక్క వేయండి. తనిఖీ తేదీల్లో సరుకు చూడకుండా పాడితే, తర్వాత 'చూడలేదు' అన్న మాట ఎవరూ వినరు.

కంప్యూటర్ల విషయంలో ఒక అడ్డు ఉంది. లాటును 'ఈ-వేస్ట్' అని పెడితే 2022 నిబంధనల ప్రకారం నమోదైన ఉత్పత్తిదారులు, బాగుచేసే సంస్థలు, రీసైక్లర్లే కొనాలి. మీరు పొరపాటున పాడి గెలిచినా అర్హత పత్రం లేక ధరావతు పోతుంది. పాత బ్యాటరీలకూ ఇలాగే వేరే నిబంధనలున్నాయి.

తిప్పి పంపిన వస్తువులు అసలైన బ్రాండువే అయితే తిరిగి అమ్మడం నేరం కాదు. ట్రేడ్‌మార్క్ చట్టం సెక్షన్ 30(3) దానికి రక్ష. కానీ సరుకు స్థితి మారినా, చెడినా బ్రాండు యజమాని అభ్యంతరం చెప్పవచ్చని 30(4) అంటుంది. బాగుచేసిన హార్డ్‌డిస్కుల కేసులో 2024లో ఢిల్లీ హైకోర్టు అమ్మకాన్ని ఆపలేదు. వాడి బాగుచేసినదని, అసలు కంపెనీ వారంటీ లేదని కొనేవారికి స్పష్టంగా చెప్పాలని షరతులు పెట్టింది. ఆ మాటలు మీ లిస్టింగ్‌లో మొదటి వరుసలోనే రాయండి. కొత్త పెట్టెలో పెట్టి కొత్తదిగా అమ్మడం మాత్రం ఎన్నడూ వద్దు. ఇంకో సంగతి, మీ దగ్గర కొన్నవారు వినియోగదారులే. లోపమున్న వస్తువును వెనక్కి తీసుకోనని మీరు అనలేరు.

జీఎస్‌టీకి వస్తే, ఆంధ్రప్రదేశ్‌లో సరుకుల వ్యాపారానికి రిజిస్ట్రేషన్ అక్కర్లేని అమ్మకాల పరిమితి ఏడాదికి 40 లక్షలు. తెలంగాణలో 20 లక్షలే. 2023 అక్టోబర్ 1 నుంచి పరిమితిలోపు ఉన్నవారు పాన్‌తో నమోదు సంఖ్య (ఇది పూర్తి రిజిస్ట్రేషన్ కాదు) తీసుకుని, సొంత రాష్ట్రంలోని కొనుగోలుదారులకు మాత్రమే ఆన్‌లైన్ సైటు ద్వారా అమ్మవచ్చు. విజయవాడ నుంచి హైదరాబాద్‌కు ఒక్క కుర్చీ పంపినా అంతర్రాష్ట్ర అమ్మకమే, అప్పుడు మొదటి రూపాయి నుంచే రిజిస్ట్రేషన్ కావాలి. ఆన్‌లైన్‌లో దేశమంతా అమ్మాలనుకునే మీకు రిజిస్ట్రేషన్ తప్పదనే నా అభిప్రాయం. పైగా వేలంలో కట్టే జీఎస్‌టీకి క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన పన్నును అమ్మినప్పటి పన్నులోంచి తగ్గించుకునే వీలు) రావాలన్నా అది ఉండాలి. వేరే రాష్ట్రంలోని యార్డు నుంచి ఎత్తేటప్పుడు బిల్లులో మీ జీఎస్‌టీ నంబరు, ఐజీఎస్‌టీ (అంతర్రాష్ట్ర అమ్మకం పన్ను) ఉండేలా ముందే రాతపూర్వకంగా అడగండి. అక్కడి రాష్ట్ర పన్ను వేస్తే ఇక్కడ క్రెడిట్ చిక్కులో పడుతుంది.

ఇళ్ల దగ్గర కొన్న పాత వస్తువులకు జీఎస్‌టీ నిబంధన 32(5) కింద లాభం మీదే పన్ను కట్టే వీలుంది. వస్తువును ఉన్నదున్నట్టుగానో, దాని స్వభావం మారనంత చిన్న మరమ్మతుతోనో అమ్మాలి, క్రెడిట్ తీసుకుని ఉండకూడదు. 1,000కి కొన్న పాత ఫోన్‌ను పన్నుతో కలిపి 1,500కి అమ్మారనుకోండి. మొత్తం ధర మీద 18 శాతం లెక్కన సుమారు 229 రూపాయలు పోతుంది. తేడా 500 మీదే అయితే సుమారు 76 రూపాయలు. అయితే 1,000కి కొన్నానని చూపే కాగితం లేకపోతే ఈ సౌలభ్యం నిలబెట్టుకోలేరు.

దొంగ సొత్తు భయానికీ ఆ కాగితమే మందు. దొంగ వస్తువని తెలిసి, లేదా నమ్మడానికి కారణం ఉండి కొన్నవారికి భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 317 కింద మూడేళ్ల వరకు జైలు పడవచ్చు. అదే పనిగా ఆ వ్యాపారం చేసేవారికి యావజ్జీవం దాకా ఉంది. 'కారణం' అంటే మరీ తక్కువ ధర, బిల్లు లేకపోవడం, అమ్మినవాడి వివరాలు అడగకపోవడం. కాబట్టి గుర్తింపు కార్డు నకలు, సంతకం చేసిన కొనుగోలు రసీదు, ఫోన్ అయితే ఐఎంఈఐ సంఖ్య (ఒక్కో ఫోన్‌కు వేరుగా ఉండే గుర్తింపు సంఖ్య) తీసుకోండి, డబ్బు యూపీఐలో ఇవ్వండి. ఫోన్ ఐఎంఈఐని టెలికాం శాఖ పోర్టల్ సంచార్ సాథీలో చూడండి, లేదా కేవైఎం (KYM) అని రాసి ఖాళీ వదిలి ఆ సంఖ్యతో 14422కు ఎస్ఎంఎస్ పంపండి. బ్లాక్ అయిందని వస్తే కొనకండి. మీరు నిజాయితీగా కొన్నా, దొంగకు లేని హక్కు మీకు రాదు. వస్తువు అసలు యజమానికి వెళుతుంది, మీరు అమ్మినవాడి మీద పడాలి. కాగితాలు చూపితే కేసు నుంచి మాత్రం బయటపడే వీలుంటుంది.

ఇత్తడి సామానులో 100 ఏళ్లు దాటిన శిల్పాలు, చారిత్రక వస్తువులు 1972 పురావస్తు చట్టం కిందికి వస్తాయి. వాటి వ్యాపారానికి లైసెన్సు కావాలి. విదేశీ కొనుగోలుదారుడు ఎంత ఇస్తానన్నా పంపకూడదు, ఎగుమతి ప్రైవేటు వ్యక్తులకు నిషిద్ధం. మామూలు బిందెలు, చెంబుల గురించి కంగారు అక్కర్లేదు. పాత దేవుడి విగ్రహం ఎవరైనా తెస్తే మాత్రం ఆలయంలో పోయినది కాదని తేలేదాకా ముట్టుకోకండి.