మూడు వేళ్ల కింద నాడి: టిబెటన్ వైద్యంపై పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ప్రశ్న: ఒడిశాలోని జీరంగ్ బౌద్ధ విహారం చూడటానికి వెళ్లినప్పుడు, అక్కడి టిబెటన్లు తమకంటూ ఒక వైద్య విధానం ఉందని చెప్పారు. వివరం అడిగితే మన వాత, పిత్త, కఫాల వంటివే మూడు చెప్పారు. ఇది మన ఆయుర్వేదమే టిబెట్ వెళ్లి పేరు మార్చుకున్నదా?
– ఒక పాఠకుడు, పలాస

సమాధానం: మీరు గమనించిన పోలిక నిజమే, దానికి చారిత్రక ఆధారమూ ఉంది. టిబెటన్లు తమ వైద్యాన్ని ‘సోవా రిగ్పా’ అంటారు. స్వస్థపరిచే విద్య అని ఆ మాటకు అర్థం. వాగ్భటుడు రాసిన ఆయుర్వేద గ్రంథం అష్టాంగహృదయాన్ని 11వ శతాబ్దంలో రిన్‌చెన్ జాంగ్‌పో అనే అనువాదకుడు, భారతీయ పండితుడు జనార్దనునితో కలిసి టిబెటన్ భాషలోకి తీసుకువెళ్లాడు. ఆ తరువాతి శతాబ్దంలో యూథోక్ యోంతెన్ గోన్‌పో అనే వైద్యుడు కూర్చినట్లు చరిత్రకారులు భావించే ‘గ్యూషి’, అంటే ‘నాలుగు తంత్రాలు’, ఈ వైద్యానికి మూలగ్రంథం. 156 అధ్యాయాల ఆ గ్రంథంలో వాగ్భటుని ఛాయలు ఎన్నోచోట్ల స్పష్టంగా కనిపిస్తాయి. టిబెటన్ సంప్రదాయం మాత్రం దానిని భైషజ్యగురువైన, అంటే వైద్యానికి గురువైన, బుద్ధుడే ఉపదేశించాడని విశ్వసిస్తుంది. చిత్రపటాల్లో నీలవర్ణంతో కనిపించే ఆ బుద్ధుని కుడిచేతిలో ఉండేది కరక్కాయ కొమ్మ. ఇళ్లలో దగ్గుకు బుగ్గన పెట్టుకునే ఆ కాయను వాళ్లు ‘అరూరా’ అంటారు. తానికాయ వాళ్లకు ‘బరూరా’, ఉసిరికాయ ‘క్యురూరా’. మంచు పీఠభూమి మీద పెరగని ఈ మూడు కాయలూ టిబెట్‌కు దక్షిణాన ఉన్న దిగువ ప్రాంతాల నుంచి కొండదారుల వెంట వ్యాపారులతో పైకి వెళ్లి ఆ వైద్యానికి ఆయువుపట్టయ్యాయి.

అయినా రెండూ ఒకటి కావు. నాడిని బట్టి రోగనిర్ణయం చేసే పద్ధతి వాగ్భటునిలో లేదు. మన దేశంలో అది ఆ తరువాతి కాలపు శార్ఙ్గధర సంహిత వంటి గ్రంథాలలో కనిపిస్తుంది. టిబెటన్ నాడీ పరీక్షకు చైనా వైద్యంతో దగ్గరి పోలికలున్నాయి. మూత్ర పరీక్షను వాళ్లు పెంచి పోషించినంతగా మరెవరూ పెంచలేదనే నా అభిప్రాయం. 8వ శతాబ్దంలో త్రిసోంగ్ దెత్సెన్ రాజు ఇండియా, చైనా తదితర దేశాల నుంచి వైద్యులను రప్పించి చర్చలు జరిపించాడని టిబెటన్లు చెప్పుకొంటారు. ఇన్ని వైపుల నుంచి వచ్చిన విద్యను ఎముకలు కొరికే చలికి, బార్లీపిండికి, జడలబర్రె వెన్నకు, బౌద్ధ చింతనకు అనుగుణంగా మలుచుకున్న తీరే దాని సొంత ప్రతిభ. అందువల్ల దానిని ఆయుర్వేదానికి నకలు అనడం ఆ వైద్యులు వెయ్యేళ్లుగా చేసిన కృషికి అన్యాయం చేయడమే అవుతుంది.

ప్రశ్న: కేవలం చెయ్యి పట్టుకుని జబ్బు చెప్పేస్తారట. అది నమ్మదగినదేనా? అసలు ఏం చూస్తారు?
– ఒక పాఠకురాలు, వరంగల్

సమాధానం: కేవలం చెయ్యి పట్టుకునే చెబుతారన్న మాట సరికాదు. చూడటం, తాకడం, అడగడం అనే మూడు మార్గాలనూ కలిపి వాడాలని గ్యూషి నిర్దేశిస్తుంది. చూడటంలో నాలుక, మూత్రం ముఖ్యమైనవి, తాకడమంటే నాడి, అడగడమంటే ఏం తిన్నారు, ఎక్కడ ఉన్నారు, ఎప్పుడు బాధ ఎక్కువవుతున్నది, దేనితో ఉపశమిస్తున్నది అని ఓపికగా విచారించడం.

నాడి చూసే తీరును కొంచెం దగ్గరగా చెబుతాను. మణికట్టు ముడత నుంచి బొటనవేలి మొదటి కణుపంత దూరం వదిలి, చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపువేలు ఒకదానికొకటి ఒరుసుకోకుండా వరుసగా ఆనిస్తారు. మూడింటి ఒత్తిడీ ఒకటి కాదు: చూపుడువేలు చర్మాన్ని, మధ్యవేలు మాంసాన్ని, ఉంగరపువేలు ఎముకను తాకుతున్నట్లు ఉండాలి. ఆరోగ్యవంతుడైన వైద్యుడు ఒకసారి ఊపిరి తీసి వదిలేలోగా రోగి నాడి ఐదుసార్లు సమంగా కొట్టుకుంటే అది ఆరోగ్య లక్షణం. అంతకు మించితే వేడి వ్యాధి, తగ్గితే శీతల వ్యాధి. తేలుతూ, డొల్లగా ఉండి, నొక్కితే మధ్యమధ్య ఆగే నాడి ‘లుంగ్’ అనే వాయు దోషాన్ని, సన్నగా బిగువుగా వేగంగా కొట్టుకునేది ‘త్రిపా’ అనే పిత్త దోషాన్ని, లోతుగా బలహీనంగా నెమ్మదిగా నడిచేది ‘బేకెన్’ అనే కఫ దోషాన్ని సూచిస్తాయని వారి శాస్త్రం. పరీక్షకు తెల్లవారుజామే తగిన సమయం. ముందురోజు రోగి మద్యానికీ, బరువైన భోజనానికీ, శరీరశ్రమకూ దూరంగా ఉండాలి.

మూత్ర పరీక్ష ఇంకా ఆసక్తికరంగా ఉంటుంది. తెల్లవారగానే పట్టిన మూత్రాన్ని తెల్లని గిన్నెలో పోసి, చిన్న పుల్లతో చిలికి, నురగను చూస్తారు. నీళ్లలా పలచగా ఉండి పెద్దపెద్ద బుడగలు వస్తే వాయువు. ఎర్రటి పసుపు రంగుతో, ఎక్కువ ఆవిరితో, ఘాటైన వాసనతో ఉండి బుడగలు లేచీ లేవగానే మాయమైతే పిత్తం. తెల్లగా ఉండి ఉమ్మిలాంటి చిన్న నురగ చాలాసేపు నిలిస్తే కఫం. వేడిగా ఉన్నప్పుడు, గోరువెచ్చనైనప్పుడు, చల్లారాక మూడుసార్లు గమనిస్తారు. ఇవాళ ప్రయోగశాల చెప్పగలిగే చక్కెర, ప్రొటీన్ల లెక్క ఈ పద్ధతికి అందదు; క్యాన్సర్ ఏ దశలో ఉందో, గుండె రక్తనాళం ఎంత పూడిందో మూడు వేళ్లు చెప్పలేవు. ఆ మాటను మొహమాటం లేకుండా చెప్పుకోవాలి. అయితే ఆ పరీక్ష సాగినంతసేపూ వైద్యుడి ధ్యాస మొత్తం ఒక్క మనిషి మీదే ఉంటుంది. రోగి ముఖం చూడకుండా రిపోర్టు మాత్రమే చూసి మందు రాసే ఈ రోజుల్లో ఆ ధ్యాసను తక్కువచేసి చూడటానికి నాకు మనసొప్పదు.

ప్రశ్న: మా అమ్మగారికి 64 ఏళ్లు; బీపీ, మోకాళ్ల నొప్పులు ఉన్నాయి. కర్ణాటకలోని బైలకుప్పెలో టిబెటన్ డాక్టరుగారికి చూపిస్తే మూడు పూటలకు మూడు రకాల మాత్రలు ఇచ్చారు. బంధువులొకరు పట్టుగుడ్డలో చుట్టిన మరో ‘రత్నాల మాత్ర’ తెచ్చి ఇచ్చారు. అమ్మ బీపీ మాత్రలు మానేస్తానంటోంది. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, అనంతపురం

సమాధానం: ముందుగా ఒక్క మాట, దయచేసి దీనిని ఈ రోజే అమ్మగారికి చెప్పండి: బీపీ మాత్రలు రాసిన డాక్టరును అడగకుండా ఒక్క పూట కూడా మానకూడదు. ఆ మాత్రలు ఉన్నట్టుండి ఆపితే రక్తపోటు ఎగదన్ని పక్షవాతానికో, గుండెపోటుకో దారితీయవచ్చు. మానమని టిబెటన్ వైద్యులు చెప్పారని మీరు రాయలేదు. అది అమ్మగారి సొంత నిర్ణయంలాగే కనిపిస్తున్నది.

పూటకొక రకంగా ఇచ్చిన మాత్రలు సాధారణంగా అనేక మూలికలను కలిపి నూరి చేసినవి. ఒక్కో యోగంలో ఎనిమిది, పదిహేను, ముప్పై ఐదు దాకా ద్రవ్యాలుంటాయి. పేరు చివర ఉండే అంకె చాలావరకు ఆ లెక్కే. శనగగింజంత ఉండి, రాయిలా గట్టిగా, చేదుగా ఉంటాయి కనుక నమిలో, దంచో వేడినీళ్లతో తీసుకోమంటారు. మూలికలైనంత మాత్రాన అవి ఇతర మందులతో కలిసినప్పుడు ఏమీ చేయవని అనుకోరాదు. రెండు మందుల చీటీలనూ ఇద్దరు వైద్యులకూ చూపించండి. దాచిపెట్టడంలోనే ప్రమాదముంది.

పట్టుగుడ్డలో చుట్టి, దారంతో కట్టి ఇచ్చే మాత్ర సంగతి వేరు. వాటిని ‘రిన్‌చెన్ రిల్‌బు’, అంటే అమూల్య గుళికలు, అంటారు. రాత్రి గిన్నెలో దంచి వేడినీళ్లు పోసి, వెలుతురు తగలకుండా గుడ్డ కప్పి, వేకువనే ఉంగరపువేలితో కలిపి, భైషజ్యగురువును స్మరించి తాగడం ఆచారం. వీటిలో కొన్నింటిలో బంగారం, వెండి, ముత్యాల వంటి వాటితోపాటు ‘త్సోథెల్’ అనే శుద్ధిచేసిన పాదరసం ఉంటుంది. లోహాలతో మందులు చేసే మన రసశాస్త్రంలోని భస్మాలవలె దానిని కూడా దీర్ఘకాలం శుద్ధి చేస్తారు. ఆ శుద్ధితో విషగుణం పోతుందని వారి సిద్ధాంతం. పాదరసం మూత్రపిండాలకూ, నరాలకూ చేటు చేస్తుందన్నది ఆధునిక వైద్యం తిరుగులేకుండా నిరూపించిన విషయం. ఈ విషయంలో నేను రెండో పక్షానే నిలబడతాను. బీపీ ఉన్న పెద్దవయసువారికి మూత్రపిండాలు ముందే బలహీనపడి ఉండవచ్చు. కాబట్టి వైద్యుడు ఇవ్వకుండా బంధువులు ప్రేమతో తెచ్చిన ఆ మాత్రను వేసుకోవద్దనే నా సలహా. గర్భిణులకూ, పసిపిల్లలకూ ఈ జాగ్రత్త మరింత అవసరం.

ఇంతమాత్రాన టిబెటన్ మందులన్నీ పనికిరానివని అర్థం చేసుకోకండి. ‘గాబుర్ 25’ అనే పాత యోగం ఆధారంగా స్విట్జర్లాండ్‌లో తయారయ్యే ‘పద్మ 28’ మీద పాశ్చాత్య వైద్యులు పరీక్షలు జరిపారు. కాళ్ల రక్తనాళాలు ఇరుకై నడుస్తుంటే పిక్కలు పట్టేసే రోగులు దానితో మరికొంత ఎక్కువ దూరం నడవగలిగారని ఆ పరీక్షల్లో కనిపించింది. మిగిలిన మందులను కూడా ఇలాగే ఒక్కొక్కటిగా పరీక్షించాలి. ఆ పని జరిగితే ముందుగా సంతోషించేవాళ్లలో నేనూ ఉంటాను.

ప్రశ్న: ఈ వైద్యానికి ప్రభుత్వ గుర్తింపు ఉందా? ఎక్కడ చదవవచ్చు?
– ఇంటర్ బైపీసీ విద్యార్థి, నిజామాబాద్

సమాధానం: ఉంది. 2010లో చట్టసవరణ ద్వారా భారత ప్రభుత్వం సోవా రిగ్పాను దేశీయ వైద్య విధానాలలో చేర్చింది. ఇప్పుడు అది ఆయుష్ పరిధిలో ఉంది. లేహ్‌లో జాతీయ సోవా రిగ్పా సంస్థ ఏర్పాటుకు 2019లో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. ధర్మశాలలోని మెన్-త్సీ-ఖాంగ్, సారనాథ్‌లోని కేంద్రీయ ఉన్నత టిబెటన్ అధ్యయన సంస్థ పేరున్న విద్యాకేంద్రాలు. మెన్-త్సీ-ఖాంగ్‌ను 13వ దలైలామా 1916లో లాసాలో నెలకొల్పారు. టిబెటన్లు తమ దేశం విడిచి వచ్చిన తరువాత 1961లో దానిని ధర్మశాలలో మళ్లీ ప్రారంభించారు. 1696లో లాసాలో వెలసిన చాగ్‌పోరి వైద్య విద్యాలయం మాత్రం 1959లో నేలమట్టమైంది. ఈ చదువుకు టిబెటన్ భాష తప్పనిసరి. గ్యూషిలోని ముఖ్య భాగాలను కంఠస్థం చేయాలి. దరఖాస్తుకు ముందే భాష మొదలుపెట్టడం మంచిది.

ప్రశ్న: మనసు చెడితేనే రోగం వస్తుందని టిబెటన్ వైద్యం చెబుతుందట. అంటే రోగం రోగి తప్పేనా? ఏడాదిగా నిద్రలేమితో బాధపడుతున్న నాకు ఆ మాట చాలా కష్టం కలిగించింది.
– ఒక పాఠకురాలు, గుంటూరు

సమాధానం: మీకు ఆ మాట చెప్పినవారు సగమే చెప్పారు. రాగం నుంచి వాయువు, ద్వేషం నుంచి పిత్తం, మోహం నుంచి కఫం ప్రకోపిస్తాయని గ్యూషి అంటుంది. ఈ మూడింటికీ మూలం అవిద్య. అయితే ఆ అవిద్య ఏ ఒక్కరి దోషమూ కాదు. పుట్టిన ప్రతి ప్రాణికీ వెంట వచ్చేది. వైద్యుడికి కూడా అది ఉంటుంది. కాబట్టి ఆ సిద్ధాంతంలో రోగిని నిందించడానికి చోటు లేదు. దగ్గరి కారణాలుగా ఋతువును, ఆహారాన్ని, నడవడికను కూడా ఆ గ్రంథమే లెక్కిస్తుంది.

చికిత్సకు వారు పాటించే వరుస చూస్తే ఇది ఇంకా బోధపడుతుంది: మొదట ఆహారం, తరువాత దినచర్య, అప్పటికీ తగ్గకపోతే మందు, చివరకు కాపడం, మర్దన, కాల్చి వాతలు పెట్టడం వంటి బాహ్య చికిత్సలు. నిద్రపట్టకపోవడం, గుండె దడ, చెదిరిన ఆలోచనలు, ఊరకే కన్నీళ్లు రావడం వంటివి వాళ్ల లెక్కలో వాయు లక్షణాలు. ఏడాదిగా నిద్రలేదంటున్నారు కనుక ముందుగా మీ ఊళ్లోనే మానసిక వైద్యులను సంప్రదించి, థైరాయిడ్ వంటివి పరీక్ష చేయించుకోండి. ఈ పని వాయిదా వేయకండి. దానితోపాటు వాయువు చెలరేగినవారికి గ్యూషి ఏమి చెప్పిందో కూడా వినండి. కడుపు మాడ్చుకోవద్దు, వేడిగా, జిడ్డుగా, పుష్టిగా ఉన్నది తినాలి. బెల్లం, వెల్లుల్లి, ఉల్లి, పాలు, పాతనెయ్యి ఆ జాబితాలో ఉన్నాయి. గాలి కొట్టని వెచ్చని చోట ఉండాలి. ఆ తరువాత ఇంకొకటి కూడా మందుతో సమానంగా చేర్చారు: మనసుకు ఇష్టమైన స్నేహితుల తోడు. ఎవరి దగ్గర కూర్చుంటే మీకు హాయిగా ఉంటుందో, ఈ వారం వాళ్లింటికి ఒకసారి వెళ్లిరండి.