ఏ తారీఖున గుర్తొచ్చిందో చూడు

బిడ్డా,

నీ వ్యాసం అందింది. కాళేశ్వరం ప్రాజెక్టుల మేడిగడ్డ బ్యారేజీ కుంగిన సంగతి మీద పేపర్లు ఎట్ల రాసినయో చెప్పుకుంట బాగనే గుర్రుమన్నవ్. కోపంతోని నాకు పేచీ లేదు. కానీ ఒక పేపరును పేరాలకు పేరాలు ఉతికినవ్, ఇంకోదాని పేరు కూడ ఎత్తలేదు. ఆ ఎత్తనిది పొద్దుగాల మీ ఇంటికి వచ్చే పేపరేనని నా అనుమానం. చివర్ల, "ఏ పార్టీ దిక్కు మొగ్గని పేపరు ఉంటే చెప్పండి సార్, అండ్లనే చేరుత" అని రాసినవ్. అసొంటిదాని కోసం తిరుక్కుంట కూసుంటే నువ్వు రాసుడు ఎన్నడూ మొదలువెట్టవు. ఉన్న పేపర్లనే ఎట్ల చదవాలె, అండ్ల ఉండి ఎట్ల రాయాలె, అది మాట్లాడుకుందాం.

ఏ పేపరు ఎవరిదో చెప్పుడు పెద్ద విద్యేం గాదు. సాక్షిని 2008ల జగన్‌మోహన్‌రెడ్డి కుటుంబం పెట్టింది. నమస్తే తెలంగాణ పేపరు ఉద్యమం నడుస్తుండంగ 2011ల వచ్చింది, కేసీఆర్ ఇంటితోని దానికున్న సంబంధం దాపరికం కాదు. వెలుగు వివేక్ వెంకటస్వామి కుటుంబానిది. ఆయన 2023 నవంబరుల బీజేపీ ఇడిసి కాంగ్రెస్‌ల చేరి చెన్నూరుల గెలిచిండు, 2025ల మంత్రి అయిండు. హన్మకొండ చౌరస్తల చాయ తాగేటోళ్లను ఎవరిని అడిగినా ఈ లెక్క చెప్తరు. చెప్పి అక్కడనే ఆగిపోతరు, అదీ బాధ. "అది వాళ్ల పేపరు, అట్లనే రాస్తది" అని వార్త చదవకుండనే పక్కన పడేస్తరు. పైసలు తిన్నోనికి అంతకంటె కావాల్సిందేముంది?

పేపర్లు పచ్చి అబద్ధం రాసుడు నువ్వనుకున్నంత ఎక్కువేం కాదు. పరువునష్టం దావా భయం ఉంటది, డెస్కుల ఒకరిద్దరన్న చేయి తిరిగినోళ్లు ఉంటరు. పక్షపాతం దాగి ఉండేది తారీఖుల. ఏ సంగతి ఏ రోజు గుర్తొచ్చింది, ఏ రోజు మర్చిపోయిన్రు అన్నది చూడు. చెరువు శిఖంల ఎవడెంత కబ్జా పెట్టిండో నీళ్లు తగ్గినంకనే కండ్లవడ్డట్టు, మన దగ్గర కుంభకోణాలు కుర్చీ కదిలినంకనే కండ్లవడ్తయి.

ఈటల రాజేందర్ సంగతి యాదికి తెచ్చుకో. నువ్వప్పుడు ఇంటర్‌ల ఉన్నవేమో. 2021 ఏప్రిల్ 30 సాయంత్రం ఛానెళ్లల్ల ఒక్కసారిగ ఆయన మీద భూముల ఆరోపణలు మొదలైనయి. మెదక్ జిల్లా మాసాయిపేట దగ్గర సర్కారు పేదలకిచ్చిన అసైన్డ్ భూములు ఆక్రమించిండని. మే 1న వైద్యశాఖ తీసేసిన్రు, 2న మంత్రివర్గం నుంచే తప్పించిన్రు. ఆయన కాదన్నడు, రాజీనామా చేసి హుజూరాబాద్ ఉపఎన్నికల మళ్ల గెలిచిండు. ఆరోపణ నిజమా కాదా అన్నది వేరే చర్చ. రాసేటోడు అడగాల్సిన ప్రశ్న ఇంకోటి: ఆ భూములు ఏప్రిల్ 29న లేకుండెనా? ఆయన ముఖ్యమంత్రికి దగ్గరున్నన్ని రోజులు ఆ ఊర్లకు ఒక్క విలేకరన్న ఎందుకు పోలేదు? ఆ ప్రశ్న అప్పుడు ఆయన పక్షమోళ్లూ అడగలేదు, ఎదుటి పక్షమోళ్లూ అడగలేదు. ఇద్దరికీ అండ్ల లాభం లేకుండె.

ఇగ మేడిగడ్డ. 2019 జూన్ 21న ప్రారంభం. 2022 జూలై వరదల్ల అదే ప్రాజెక్టుల కన్నెపల్లి, అన్నారం పంప్‌హౌస్‌లు మునిగినయి. 2023 అక్టోబరు 21 శనివారం సాయంత్రం ఏడో బ్లాకుల పిల్లర్లు కుంగినయి. నవంబరు 30న పోలింగ్. ఈ నాలుగు తారీఖులు ఒక కాయితం మీద రాసుకొని, ఒక్కో తారీఖు చుట్టు ఏ పేపరు ఏం రాసిందో చూస్తే నీకు ఇంకెవరి పాఠం అవసరం ఉండదు. కుంగిన కొత్తల ఇంజినీరు ఫిర్యాదు చేసిండు, మహదేవ్‌పూర్ పోలీసులు కేసు పెట్టిన్రు. ఎవరో కావాలని చేసిన పని కావొచ్చన్న అనుమానం అండ్ల ఉన్నది. తర్వాత నవంబరు మొదట్ల జాతీయ డ్యామ్ సేఫ్టీ అథారిటీ ప్లానింగ్, డిజైన్, క్వాలిటీ కంట్రోల్, నిర్వహణ అన్నింట్ల లోపాలున్నయన్నది. రెండూ కాయితం మీద ఉన్నవే. మొదటిదాన్ని బ్యానర్ చేసి రెండోదాన్ని లోపలి పేజీల సింగిల్ కాలమ్‌కు తోస్తే, ఒక్క అబద్ధం రాయకుండనే చదివేటోన్ని పక్కదారి పట్టియ్యొచ్చు. ఉల్టా చేసినా అంతే. అథారిటీ మాటను నెత్తికెత్తుకొని, పంప్‌హౌస్‌లు మునిగిన 2022ల తాము ఏం రాసిన్రో చెప్పని పేపరు కూడ ఆ తానుల ముక్కనే. డిసెంబరుల సర్కారు మారినంక కొందరు విలేకర్లు రాత్రికి రాత్రి డ్యామ్ ఇంజినీర్లయిన్రు. వాళ్లను చూసి నవ్వుకున్న, ఏం జేస్త.

అట్లని పగతోని రాసిన వార్త తప్పు అనుకోకు. ఇది బాగ గుర్తు పెట్టుకో, నీ వ్యాసంల లేనిది ఇదే. సర్కారును ఎవరు అడుగుతరు? ఎక్కువసార్లు ఆ సర్కారుతోని పడనోడే. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ పక్కనున్న కంచ గచ్చిబౌలి 400 ఎకరాల లొల్లిల రాష్ట్ర సర్కారుకు పడని పేపర్లు రోజూ పేజీలు నింపినయి. వాళ్లకు రాజకీయం ఉన్నదా అంటే ఉన్నది. కానీ 2025 ఏప్రిల్ మొదట్ల సుప్రీంకోర్టు చెట్ల నరికివేత ఆపమన్నది కదా. రాసినోని బుద్ధి వేరు, వాడు తెచ్చిన కాయితం వేరు. బుద్ధిని అనుమానించు, కాయితాన్ని చదువు.

లెక్కల దగ్గర మనోళ్లు ఘోరంగ జారుతరు. "లక్ష కోట్ల కుంభకోణం" అన్నది నువ్వు కూడ రాసినవ్. లక్ష కోట్లు దేనికి? ప్రాజెక్టు మొత్తానికి పెట్టిన ఖర్చా, సర్కారుకు వచ్చిన నష్టమా, ఎవరో జేబుల వేసుకున్నదా? ఖర్చు, నష్టం, లంచం మూడు వేరు వేరు పద్దులు. ఒక పక్షం మూడింటిని కలిపి నినాదం చేసింది. ఇంకో పక్షం "మూడు పిల్లర్లే కదా" అని మొత్తం సంగతినే మూడు పిల్లర్లకు కుదించింది. 2024 ఫిబ్రవరిల అసెంబ్లీ ముందుకొచ్చిన కాగ్ (సర్కారు ఖర్చులను ఆడిట్ చేసే సంస్థ) రిపోర్టు తీసి చదివినోళ్లు తక్కువ. ప్రాజెక్టు ఖర్చు 1,47,427 కోట్లు దాటొచ్చని అండ్ల ఉన్నది. రూపాయి పెడితే 1.51 రూపాయల లాభం వస్తదని కాయితాల మీద చూపిన్రు, సక్కగ లెక్కగడితే 0.75 కూడ దాటదని అండ్లనే ఉన్నది. నన్నడిగితే అసలు వార్త అది. కానీ అండ్ల విలన్ బొమ్మ లేదు, బ్యానర్‌కు పనికిరాదు.

ఢిల్లీల 2జీ కథ, అంటే ఫోన్ కంపెనీలకు స్పెక్ట్రం ఇచ్చిన కథ, ఇట్లనే నడిచింది. 2010ల కాగ్ 1.76 లక్షల కోట్ల దాకా నష్టం జరిగి ఉండొచ్చని అంచనా కట్టింది. పేపర్లు ఆ అంచనానే తిన్న సొమ్మని రాసినయి. 2012ల సుప్రీంకోర్టు 122 లైసెన్సులు రద్దు చేసింది. 2017 డిసెంబరు 21న ప్రత్యేక కోర్టు నిందితులందర్నీ వదిలేసింది. ఆనాడు నెత్తిన కొట్టుకున్నోళ్లు గమ్మునున్నరు, ఆనాడు గమ్మునున్నోళ్లు "అసలు ఏమీ జరగలే" అన్నరు. రద్దయిన లైసెన్సుల సంగతి ఇద్దరికీ యాదికి రాలే. ఆడిట్ చెప్పేది ఒకటి, కమిషన్ చెప్పేది ఒకటి, క్రిమినల్ కోర్టు తేల్చేది ఇంకోటి. కాళేశ్వరం మీద జస్టిస్ పినాకి చంద్ర ఘోష్ కమిషన్ 2025 జూలై 31న రిపోర్టు ఇచ్చింది. 1952 విచారణ కమిషన్ల చట్టం కింద వేసిన కమిషన్ అది. దాని మాట తీర్పు కాదు. "కమిషన్ తప్పుపట్టింది" అని రాయి. "నేరం రుజువైంది" అని రాస్తే నువ్వూ కరపత్రం రాసేటోళ్ల జాబితాలకు పోతవ్.

ఇగ నీ దగ్గరి సంగతికొస్త. నువ్వు మండలంల కంట్రిబ్యూటర్‌గ చేరుతనంటున్నవ్. అక్కడ పక్షపాతం హైదరాబాద్ ఆఫీసు నుంచి ఫోన్ల దిగదు, యాడ్ టార్గెట్ రూపంల వస్తది. చాలామందికి నెల జీతం ఉండదు, యాడ్ మీద కమీషనే బతుకు. ఎమ్మెల్యే పుట్టినరోజు, ఆగస్టు 15, బతుకమ్మ, సంక్రాంతి... యాడ్ ఇచ్చేది ఎవరు? కాంట్రాక్టరు, మిల్లరు, సర్పంచి, మార్కెట్ చైర్మన్. సీసీ రోడ్డు నాసిరకంగ పోసింది ఎవరంటే వాళ్లల్లనే ఒకరు. పైన సర్కారు యాడ్లు, కింద కాంట్రాక్టర్ల యాడ్లు, మధ్యల సర్కారు విలేకర్లకు ఇచ్చే అక్రిడిటేషన్ కార్డు. సగం వార్తలు ఎవరూ చంపకుండనే చస్తయి, రాసేటోడే రాయడు. ఎన్నికలప్పుడు పైసలు తీసుకొని వార్తలు అచ్చేసిన సంగతి మీద ప్రెస్ కౌన్సిల్ వేసిన ఇద్దరి కమిటీల మన తెలుగు జర్నలిస్టు కె. శ్రీనివాస్‌రెడ్డి ఒకరు. 2010ల వాళ్లు పేర్లతో సహా రాసిచ్చిన్రు. కౌన్సిల్ దాన్ని కుదించి బయటపెట్టింది, పూర్తి రిపోర్టు సమాచార కమిషన్ చెప్పినంకనే వచ్చింది. పేపర్ల తప్పులను పేపర్లోళ్లే ఎంత జాగ్రత్తగ కప్పుకుంటరో చూడు. యాడ్లు లేని రోజులు సుఖంగ ఉండెనా అంటే అదీ లేదు. మన ఇనుగుర్తి నుంచి 1922ల ఒద్దిరాజు సోదరులు తెనుగు పత్రిక తెచ్చిన్రు, అది ఎక్కువ ఏండ్లు నడవలే.

వీలైతే ఇంకో పని చేసుకుంట రాయి. ట్యూషన్ చెప్పు, దుకాణం పెట్టు, ఏదైనా సరే. కాంట్రాక్టరు యాడ్ మీద నీ ఇంటి కిరాయి ఆధారపడొద్దు. ఇది నీతి కోసం చెప్తలేను, లెక్క కోసం చెప్తున్న.

పెద్ద కుంభకోణాల మీద ఇప్పుడే పడకు. మీ ఊరి చెరువు పూడిక పని, మీ గల్లీ సీసీ రోడ్డు, వాటి మీద నేర్చుకో. అంచనా ఎంత, అగ్రిమెంటు ఎంత, పని కొలతలు రాసే ఎంబీ బుక్కుల ఎంత రికార్డు చేసిన్రు, బిల్లు ఎంత లేసింది. సమాచార హక్కు కింద అడుగు, 30 రోజులల్ల ఇయ్యాలె. ఇయ్యకుంటే అప్పీలుకు పో. టేపు పట్టుకొని రోడ్డు పొడుగు నువ్వే కొలువు. కాంట్రాక్టరుకు ఫోన్ చెయ్యి, వాడు చెప్పింది వాడు చెప్పినట్టే రాయి. "విశ్వసనీయ వర్గాల సమాచారం", "ఆరోపణలు గుప్పుమంటున్నాయి" అన్న మాటలు నీ కాపీల కనవడొద్దు. ఎవరు ఆరోపించిన్రో పేరు రాయలేకపోతే ఆ వాక్యమే కొట్టేసెయ్యి. రాసినంక ఒక పని చెయ్యి: ఆ కాంట్రాక్టరు ఎదుటి పార్టీవాడని అనుకొని మళ్ల చదువు. ఎక్కడ నీ చేయి ఇంకింత గట్టిగ కొట్టాలని చూస్తదో అక్కడ పెన్సిల్‌తోని గీత గీసి, ఆ వాక్యం తిరగరాయి.

వ్యాసం వెనక్కి పంపుతున్న. అచ్చుకు ఇయ్యకు ఇప్పుడే. మీ ఇంటి పేపరు 2023 అక్టోబరు 22 నుంచి పోలింగ్ రోజు దాకా సంచికలు సంపాదించు. హన్మకొండ రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయంల పాత ఫైళ్లు ఉన్నయేమో అడుగు, లేకుంటే ఎవరన్న ఏజెంటు దగ్గర చూడు. మేడిగడ్డ వార్త ఏ రోజు ఏ పేజీల ఎన్ని కాలమ్‌లు వచ్చిందో, ఏ రోజు అసలే రాలేదో ఒక పట్టిక గీయి. నువ్వు తిట్టిన పేపరుది కూడ పక్కన్నే పెట్టు. రెండు పట్టికలు పట్టుకొని వచ్చే ఆదివారం ఇంటికి రా, మధ్యాహ్నం దాకా ఇంట్లనే ఉంట.

నీ మేలు కోరే
సార్
హన్మకొండ