తమ్ముడి గుటక కోసం

చిరంజీవి అమ్మడికి, అత్తయ్య ఆశీస్సులు.

నాన్నకి పక్షవాతం వచ్చి మింగలేకపోతున్నాడని నీ ఫోన్ వచ్చినప్పటి నుంచి తమ్ముడి ముఖమే కళ్లలో మెదులుతోంది. 30 ఏళ్లు స్పీచ్ థెరపిస్టుగా ఎందరికో మళ్లీ మింగడం నేర్పాను. తోడబుట్టినవాడి ముక్కులో గొట్టం అనేసరికి మాత్రం చెయ్యి వణికింది. అందుకే ఫోన్‌లో సరిగ్గా చెప్పలేకపోయాను, నిదానంగా రాస్తున్నాను.

పొలమారితే ఎవరో తలుచుకుంటున్నారని నెత్తి మీద తట్టి ఊరుకుంటాం మనం. పక్షవాతం వచ్చిన మనిషి విషయంలో అలా ఊరుకోకూడదమ్మా. కొందరికి అసలు దగ్గే రాదు, నీళ్లు చప్పుడు లేకుండా ఊపిరితిత్తుల్లోకి జారిపోతాయి. నేను చూసిన ఒక పెద్దాయనకి, అడిగాడు కదా అని ఇంట్లోవాళ్లు రెండు చెంచాల కాఫీ పోశారు. నాలుగో రోజుకి నిమోనియా. ఆ గొంతులో గరగర నాకిప్పటికీ వినిపిస్తుంది. డాక్టరు పరీక్ష చేసి సరేననేదాకా నాన్న ఎంత బతిమాలినా చుక్క కూడా పొయ్యకు.

నోట్లో ఏమీ వెయ్యకుండా చేసే సాధన ఒకటుంది, గుటకను ఊహించుకోవడం. ఒక్క గుటకకి 25 జతలకు పైగా కండరాలు కలిసి పనిచేస్తాయి. మెదడులో రెండు వైపులూ అందులో పాలుపంచుకుంటాయి. ఒకవైపు దెబ్బతిన్నా, బాగున్న రెండోవైపు పుంజుకుంటే మింగడం తిరిగి వస్తుందని 1990లలో మాంచెస్టర్‌లో షహీన్ హమ్దీ బృందం చూపించింది. నాకు ఆశంతా అక్కడే. ఆ తర్వాత ఆస్ట్రియాలో, గ్రాట్స్ విశ్వవిద్యాలయంలో సిల్వియా కోబర్, గిల్హెర్మె వుడ్ పరారుణకాంతితో మెదడులో రక్తప్రవాహం కొలిచారు. మింగినప్పుడే కాదు, మింగినట్టు ఊహించుకున్నా అక్కడ కదలిక కనిపించింది. 2015లో పక్షవాతంతో మింగలేని కొద్దిమందిలో కూడా చూశారు.

ఊహించుకోమంటే చాలామంది సినిమా చూసినట్టు బయటి నుంచి చూస్తారు. అలా వద్దు. లోపలి నుంచి అనుభవించాలి. నాన్నకి చారు ప్రాణం కదా, గోరువెచ్చటి చారు నాలుక మీద పడ్డట్టు, నాలుక అంగిలికి నొక్కుకున్నట్టు, గొంతుముడి పైకి లేచి దిగినట్టు. నువ్వు పక్కన కూర్చుని ఒక్కొక్కటే మెల్లగా చెప్పు. కళ్లు మూసుకోమను. గుటక వెయ్యమని మాత్రం అనకు. అయిదు నిమిషాలు చాలు, అలిసిపోతే ఆపెయ్యి. థెరపిస్టు వచ్చి అసలు కసరత్తు చేయించడానికి కాస్త ముందు చేయిస్తే మంచిదని నా అభిప్రాయం. ఆవిడకి చెప్పే చెయ్యి.

నువ్వడిగిన న్యూరోఫీడ్‌బ్యాక్ అంటే, ఆ రక్తప్రవాహాన్నే తెర మీద గీతలా చూపించి, ఊహతో దాన్ని పెంచమంటారు. మన ఊహ పనిచేస్తోందో లేదో కంటికి కనిపిస్తుంది కాబట్టి ఆ ఆలోచన నాకు నచ్చింది. కానీ దాంతో రోగులు బాగా మింగగలిగారని గట్టిగా రుజువు కాలేదు. లక్షలు కట్టమని ఎవరైనా అంటే కట్టకు. ఆ డబ్బు రోజూ వచ్చే థెరపిస్టుకి పెట్టు.

రేపు సాయంత్రం ఆరింటికి వీడియో కాల్ చెయ్యి. మొదటిసారి నేనే చెప్పి చేయిస్తాను. చిన్నప్పుడు ఆముదం కూడా నేను పోస్తేనే మింగేవాడు.

మీ అత్తయ్య