డాబా మీద సోలార్ పెట్టించే ముందు: ఉద్దానంలో ఉన్న తమ్ముడి కొడుక్కి

శ్రీకాకుళం

చిరంజీవి బాబుకి,

పెదనాన్న ఆశీస్సులు. నువ్వు పంపిన ఏడాది కరెంటు బిల్లులు, ఆ రెండు కొటేషన్లు చూశాను. ఇద్దరూ 3 కిలోవాట్లకే రాశారు. కేంద్ర ప్రభుత్వ పీఎం సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లకి 78,000 సబ్సిడీ వస్తుందని ఎవరింటికైనా అదే రాసేస్తున్నారు. ఇప్పుడున్న వాడకానికి మీ ఇంటికి 2 కిలోవాట్లు చాలు. లెక్క చూడు.

మీకు నెలకి సగటున 300 యూనిట్లు కాలుతున్నాయి. మొదటి 30 యూనిట్లకి యూనిట్ 1.90, 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75, ఆపైన 9.75. అంటే 300 యూనిట్లకి ఎనర్జీ చార్జీ 1,673 రూపాయలు. అందులో ఆఖరి 75 యూనిట్లకే 656 పోతోంది. సోలార్ యూనిట్లు బిల్లులో కోసేది పై స్లాబు, అంటే ఎక్కువ రేటు పడే మెట్టు నుంచే. మన ఎండకి కిలోవాట్‌కి రోజుకి 4 యూనిట్లు సగటు వేసుకో, 2 కిలోవాట్లకి నెలకి 240. మిగిలిన 60 యూనిట్లకి 147 రూపాయలే. అంటే నెలకి 1,526 మిగిలింది. మూడో కిలోవాట్ వేస్తే ఇంకా మిగిలేది ఆ 147 మాత్రమే. దానికి అదనంగా 50 వేలు ఖర్చుపెడితే 18 వేలు సబ్సిడీ పోను 32 వేలు. అది తిరిగి రావడానికి 18 ఏళ్లు. మొదటి రెండింటికి ఒక్కోదానికి 30 వేలు సబ్సిడీ, నాలుగైదేళ్లలో డబ్బు తిరిగొస్తుంది.

ఏసీ కొనడం ఖాయమైతే మాత్రం లెక్క మారుతుంది. వాడకం 450కి పోతే మూడో కిలోవాట్ నెలకి 660 పైన మిగులుస్తుంది. అప్పుడు ఇప్పుడే 3 పెట్టించు. తర్వాత పెంచాలంటే మళ్లీ దరఖాస్తు, మళ్లీ తనిఖీ. ఆ మాట నువ్వూ కోడలూ కూర్చుని ముందే తేల్చుకోండి. వాడుకోగా మిగిలిన యూనిట్లు అమ్ముకోవచ్చని ఆశపెడతారు. మిగులుకి ఇచ్చే ధర నువ్వు కొనే పై స్లాబు ధరకి దరిదాపుల్లో ఉండదు. బిల్లు పూర్తిగా సున్నా కూడా కాదు, ఫిక్స్‌డ్ చార్జీ ఎటూ ఉంటుంది.

కాగితాల్లో అన్నిటికంటే ముందు చూడాల్సింది పేరు. మీ కరెంటు సర్వీసు ఇంకా మీ నాన్న పేరనే ఉంది. పీఎం సూర్యఘర్ పోర్టల్‌లో దరఖాస్తు సర్వీసు నంబరు మీద పోతుంది. బిల్లు మీద పేరు, ఆధార్, సబ్సిడీ పడే బ్యాంకు ఖాతా ఒకరివే కాకపోతే అన్నీ అయ్యాక చివర్లో డబ్బు ఆగిపోతుంది. ముందు మీ అమ్మ పేరుకి గానీ నీ పేరుకి గానీ మార్పించు. మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, ఇంటి పన్ను రసీదు దగ్గర పెట్టుకుని సచివాలయంలో ఎనర్జీ అసిస్టెంట్‌ని కలువు. ఆ పనితోపాటే బిల్లులో కాంట్రాక్టెడ్ లోడ్, అంటే మీ ఇంటికి మంజూరైన కిలోవాట్లు, ఎంతుందో చూడు. పాత ఇళ్లకి 1 కిలోవాటే ఉంటుంది, దాన్ని సోలార్ సామర్థ్యానికి సరిపడా పెంచాలి. 10 కిలోవాట్ల లోపు దరఖాస్తుకి 2024 నిబంధనల ప్రకారం సాంకేతిక పరిశీలన అక్కర్లేదు. అది లేకుండానే ఒప్పుకున్నట్టు లెక్క. ఆ పేరు చెప్పి ఎవరైనా డబ్బడిగితే ఇవ్వకు. లోన్ కావాలంటే 3 కిలోవాట్ల దాకా తనఖా లేకుండా 2 లక్షల వరకు బ్యాంకులు ఇస్తున్నాయి. దానికీ పేరు కలవాల్సిందే.

వెండరు మన కరెంటు సంస్థ ఈపీడీసీఎల్ పరిధిలో పోర్టల్ మీద నమోదైనవాడై ఉండాలి. ప్యానెళ్లు డీసీఆర్‌వి, అంటే సెల్‌తో సహా ఇక్కడే తయారైనవి కాకపోతే సబ్సిడీ రాదు. కొటేషన్‌లో 'డీసీఆర్' అన్న మాట, ప్యానెల్ కంపెనీ, మోడల్, వాట్లు రాయించు. సామాను దిగిన రోజే ప్రతి ప్యానెల్ వెనక సీరియల్ నంబరు ఫొటో తీసుకో. సామర్థ్యం కట్టేది ప్యానెళ్లు, వాటి డీసీ కరెంటుని ఇంట్లో వాడే ఏసీ కరెంటుగా మార్చే ఇన్వర్టర్, ఈ రెండిట్లో ఏది తక్కువైతే దాని మీద. అందుకని 540 వాట్లవి 4, ఇన్వర్టర్ 2 కిలోవాట్లు. మూడే పెట్టి 2 కిలోవాట్లని రాసినవాడి కొటేషన్ పక్కన పడేయ్.

ఇక బిగింపు. మనకి అసలు పని ఇక్కడే ఉంది. 2014లో హుద్‌హుద్, 2018 అక్టోబర్ 11న తిత్లీ, 2021లో గులాబ్ తుపాన్లు చూశాం. మీ ఊరు తీరం పక్కనే, ఇలాంటివి ఇంకా వస్తాయి. మన తీరానికి డిజైన్‌లో తీసుకోవాల్సిన గాలి వేగం సెకనుకి 50 మీటర్లు, అంటే గంటకి 180 కిలోమీటర్లు. ఆ గాలికి చదరపు మీటరు మీద 150 కిలోల ఒత్తిడి పడుతుంది. 540 వాట్ల ప్యానెల్ వైశాల్యం రెండున్నర చదరపు మీటర్ల పైన. వాలుగా పెట్టిన ప్యానెల్ కింద గాలి దూరితే తెరచాపలా లేస్తుంది. ఒక్కోదానికి దాదాపు 400 కిలోలు, నాలుగిటికి 1,600 కిలోలు పైకి లాగుతుంది. ప్యానెల్ బరువు చూస్తే 30 కిలోలు. అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు సిమెంటు దిమ్మ బరువు 70 కిలోల లోపే. నాలుగు దిమ్మలు స్లాబు మీద ఊరికే పెట్టి 'బరువుంది, కదలదు' అంటే ఆ మాట ఈ లెక్క ముందు నిలబడదు.

అందుకని స్ట్రక్చర్, అంటే ప్యానెళ్లని మోసే ఇనుప చట్రం, దాని కాళ్లు డాబా స్లాబుకి పట్టాలి. కాళ్లు బీముల మీదకి వచ్చేలా గీయించు. పైన ప్లాస్టర్ చెక్కించి, రంధ్రంలో జిగురు మందుతో పట్టే కెమికల్ యాంకర్ బోల్టులు వేయించి, వాటి చుట్టూ దిమ్మ పోయించాలి. స్లాబు 5 అంగుళాలుంటే రంధ్రం 3 అంగుళాలు దాటకూడదు. దాటితే వానాకాలం గది లోపల చెమ్మ దిగుతుంది. బోల్టు లోతు తగ్గిన చోట కాళ్ల సంఖ్య పెంచమను. పోసిన దిమ్మ అంచుకి వాటర్‌ప్రూఫ్ పూత వేయించు. వాలు దక్షిణానికి 10 నుంచి 12 డిగ్రీలు చాలు. మన అక్షాంశానికి 18 పెట్టాలంటారు, కానీ తగ్గిస్తే పోయే కరెంటు చాలా కొంచెం, తగ్గే గాలి దెబ్బ ఎక్కువ. వడియాలు ఆరబెట్టుకోడానికి, కింద మంచం వేసుకోడానికి 8 అడుగుల ఎత్తు స్ట్రక్చర్ కావాలని మీ అమ్మ అడుగుతుంది. మీ ఊళ్లో అది వద్దని నచ్చజెప్పు. అడుగున్నర, రెండడుగుల ఎత్తు మించనివ్వకు.

ఉప్పుగాలికి పెయింటు వేసిన ఇనుము రెండేళ్లు నిలవదు. హాట్ డిప్ గాల్వనైజ్డ్, అంటే కరిగిన జింకులో ముంచి తీసింది, 80 మైక్రాన్ల పూత అడుగు. బోల్టులు, నట్లు, క్లాంపులు స్టెయిన్‌లెస్ స్టీల్‌వే. సైటులో కోసినా, వెల్డింగు చేసినా ఆ చోట పూత పోతుంది, అక్కడి నుంచే తుప్పు మొదలు. అందుకే కోత లేకుండా ఫ్యాక్టరీలో రంధ్రాలు వేసిన స్ట్రక్చర్ తెప్పించమను.

నీడ విషయం. డిసెంబర్లో మిట్టమధ్యాహ్నం కూడా మనకి సూర్యుడు 48 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. 5 అడుగుల వాటర్ ట్యాంకు నీడ అప్పుడే ఉత్తరానికి నాలుగున్నర అడుగులు పడుతుంది, ఉదయం, సాయంత్రం అంతకి రెట్టింపు పైన. ట్యాంకు, మెట్ల గది ప్యానెళ్లకి ఉత్తరాన ఉండాలి. దక్షిణాన ఉంటే వాటి ఎత్తుకి కనీసం రెట్టింపు దూరం వదలాలి. ప్యానెళ్లన్నీ ఒకే వరసలో కలుపుతారు కాబట్టి ఒక్క కొబ్బరాకు నీడ ఒక ప్యానెల్ మీద పడినా వరసంతా దెబ్బతింటుంది. దక్షిణం వైపు చెట్టు డాబా మీదకి వాలి ఉంటే కాయ రాలి అద్దం పగిలే ప్రమాదం కూడా ఉంది.

వైరింగు దగ్గర నిలబడి చూడు. నాలుగు ప్యానెళ్లు కలిపితే లోడు లేనప్పుడు 200 వోల్టులకి దగ్గరగా రావాలి, అంతకి బాగా తక్కువొస్తే ఒక కనెక్షన్ పోయినట్టు. పనిచేసేటప్పుడు వేడికి అది 150 దాకా దిగుతుంది. కాబట్టి ఇన్వర్టర్ 120 వోల్టుల లోపే మొదలయ్యేదై ఉండాలి. డీసీ కేబుల్ 4 చదరపు మిల్లీమీటర్ల తగరం పూత రాగి, ఎండకి తట్టుకునేది. ప్యానెళ్ల తీగల్ని కలిపే ఎంసీ4 కనెక్టర్ల రెండు ముక్కలూ ఒకే కంపెనీవి కావాలి. వేరు కంపెనీవి చూడ్డానికి అతుక్కుంటాయి, లోపల వదులుండి కరిగి మంటలొస్తాయి. ఎండలో నడుస్తుండగా వాటిని ఎవరూ ఊడదీయకూడదు. డీసీ మంట ఏసీలా తనంతట ఆరదు. ముందు ఏసీ బ్రేకర్, తర్వాత డీసీ ఐసొలేటర్ ఆపాకే ముట్టుకోవాలి.

ఎర్తింగు మూడు వేర్వేరుగా ఉండాలి: ప్యానెళ్లకి స్ట్రక్చర్‌కి ఒకటి, ఇన్వర్టర్‌కి ఒకటి, పిడుగు కడ్డీకి ఒకటి. చాలామంది ఒక్క గొయ్యి తవ్వి మూడింటినీ దాన్లోనే కలిపేస్తారు. ఒక్కోటి 5 ఓముల లోపు చూపించాకే బిల్లు మీద సంతకం పెట్టు. డీసీ, ఏసీ రెండు వైపులా సర్జ్ ప్రొటెక్టర్లు, అంటే వోల్టేజి ఒక్కసారి ఎగిసినప్పుడు కాపాడేవి, ఉండాలి.

మీ ఇల్లు ట్రాన్స్‌ఫార్మర్‌కి దూరంగా, లైను చివర ఉంది. మధ్యాహ్నం పూట మీటరు దగ్గర వోల్టేజి వారం రోజులు చూసి రాసుకో. సోలార్ లేనప్పుడే 245 ఉంటే, సోలార్ కరెంటు లైనులోకి తోసినప్పుడు ఇంకా పెరిగి ఇన్వర్టర్ పదేపదే ఆగిపోతుంది. అప్పుడు ఇన్వర్టర్ చెడిపోయిందనుకుంటారు, తప్పు లైనుది. ముందే లైన్‌మన్‌కి, సెక్షన్ ఇంజనీరు ఏఈకి చెప్పి ట్రాన్స్‌ఫార్మర్ ట్యాపింగు గానీ ఫేజు గానీ మార్పించు. ఇన్వర్టర్ నుంచి మీటరుకి 6 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ వేయించు. 20 మీటర్లకి అది ఒక వోల్టు పెంచితే 2.5 తీగ దాదాపు మూడు పెంచుతుంది.

ఇంకో మాట మీ అమ్మకి ముందే చెప్పు. లైనులో కరెంటు పోతే ఈ సోలారూ ఆగిపోతుంది, పట్టపగలైనా సరే. లైను మీద పనిచేసేవాడు చనిపోకుండా పెట్టిన కట్టుబాటు అది. తిత్లీ తర్వాత ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు గదా, అలాంటప్పుడు ఫ్యాను తిరగాలంటే బ్యాటరీతో ఉన్న హైబ్రిడ్ ఇన్వర్టర్ కావాలి. దాని ఖర్చు వేరు. ఇంట్లో పాత ఇన్వర్టర్ బ్యాటరీ ఉంది కాబట్టి నీకు ఇప్పుడది అక్కర్లేదని నా ఉద్దేశం.

బిగించడం అయిపోయాక ఒక్కరోజు కూడా నెట్ మీటరు, అంటే లైను నుంచి తీసుకున్నవి (ఇంపోర్ట్), బయటికి పంపినవి (ఎక్స్‌పోర్ట్) వేరుగా లెక్కించే మీటరు, రాకుండా ఆన్ చేయనివ్వకు. 'టెస్టింగు' అని వదిలేసిపోతారు. మామూలు మీటరు కరెంటు ఎటు పోయినా ముందుకే తిరుగుతుంది, నువ్వు బయటికి పంపిన యూనిట్లు కూడా వాడినట్టే పడతాయి. నెట్ మీటరు పెట్టిన రోజు ఇంపోర్ట్, ఎక్స్‌పోర్ట్ రెండు రీడింగులూ ఫొటో తీయి. మొదటి బిల్లులో ఎక్స్‌పోర్ట్ సున్నా పడితే, మీటరులో మాత్రం అంకె ఉంటే, ఆఫీసు లెక్కల్లో మీ సర్వీసు ఇంకా నెట్ మీటరింగుకి మారలేదన్నమాట. ఆ ఫొటోలు పట్టుకుని సెక్షన్ ఆఫీసుకి వెళ్లు, నెల ఆగొద్దు. సోలార్ నడక మొదలైందని ఇచ్చే కమిషనింగ్ రిపోర్టు పోర్టల్‌లో కనిపించాకే బ్యాంకు వివరాలు ఇవ్వాలి, సబ్సిడీ ఆ తర్వాతే.

వెండరు ఐదేళ్లు ఉచితంగా చూడాలి, అది పథకంలో ఉన్న షరతే. ఒప్పందంలో రాయించు. కడగడం నువ్వే చేసుకో, పొద్దున్నే, మెత్తటి గుడ్డతో. బోరు నీళ్లు ఆరితే తెల్ల చారలు కడతాయి, కాబట్టి చివర ట్యాంకు మంచినీళ్లు పోసెయ్. తుపాను హెచ్చరిక రాగానే ఏసీ, డీసీ రెండూ ఆపి, ఒకసారి నట్లన్నీ బిగించి దిగిపో. గాలి తగ్గాక పైకి వెళ్తే తెగిన తీగ, పగిలిన ప్యానెల్ చేత్తో ముట్టుకోకు. పగిలినా ఎండలో అది కరెంటు ఇస్తూనే ఉంటుంది.

కొత్త కొటేషన్ రాగానే స్ట్రక్చర్ డ్రాయింగుతో సహా నాకు పంపు. అడ్వాన్సు అప్పటిదాకా ఇవ్వకు.

మీ పెదనాన్న