2012 ల్యాప్‌టాప్‌కి ఏ వైఫై కార్డు సరిపోతుంది? డబ్బు కట్టే ముందు అడుగు మూత విప్పండి

మీ ప్రశ్న క్లుప్తంగా: 2012లో కొన్న కోర్ ఐ3 ల్యాప్‌టాప్. ఇంట్లో 100 ఎంబీపీఎస్ ఫైబర్. ఫోన్‌లో 90 దాటుతోంది, ల్యాప్‌టాప్‌లో 35 దగ్గరే ఆగిపోతోంది. రూటర్‌లోని 5 గిగాహెర్ట్జ్ పేరు అసలు కనిపించడమే లేదు. ఇంటెల్ ఏఎక్స్210 ఆర్డర్ పెట్టేయవచ్చా?

పెట్టకండి. ఏఎక్స్210 మంచి కార్డే, కానీ అది ఎం.2 స్లాట్‌ది. 2012 నాటి మెషిన్లలో ఉండేది మినీ పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాట్. మొదటిది 22 మిల్లీమీటర్ల వెడల్పు, రెండోది 30. పాత కంప్యూటర్‌కి కార్డు వెతికేటప్పుడు స్పీడు చివర చూడాల్సిన సంగతి. స్లాట్, బయోస్ (ఆన్ చెయ్యగానే ముందు నడిచే మదర్‌బోర్డు ప్రోగ్రామ్), యాంటెన్నా వైర్లు, డ్రైవర్ నాలుగూ ఒప్పుకున్నాకే దాని వంతు.

ముందు ఆ 35 లెక్క. ఆ కాలపు చవక ల్యాప్‌టాప్‌లలో ఎక్కువగా వేసింది ఒక్క యాంటెన్నాతో, 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే తెలిసిన 11ఎన్ (పాత తరం వైఫై) కార్డు. 20 మెగాహెర్ట్జ్ ఛానెల్‌లో దాని లింకు స్పీడు, అంటే కార్డుకీ రూటర్‌కీ మధ్య కుదిరే స్పీడు, 72 ఎంబీపీఎస్. చేతికి దక్కేది అందులో సుమారు సగం. అంటే మీ కార్డు తనకి చేతనైనంతా చేస్తోంది, తప్పు ఫైబర్ వాళ్లది కాదు. అదే లింకు స్పీడు కచ్చితంగా 54 దగ్గర ఆగి ఉంటే మాత్రం కార్డు జోలికి పోవద్దు. రూటర్ సెక్యూరిటీలో టీకేఐపీ అనే పాత ఎన్‌క్రిప్షన్ పద్ధతి పెట్టి ఉందేమో చూడండి. 11ఎన్ స్పీడ్లు టీకేఐపీతో రావు. డబ్ల్యూపీఏ2 ఏఈఎస్‌కి మారిస్తే పైసా ఖర్చు లేకుండా పని అయిపోవచ్చు.

ఇక మూత విప్పడం. ఛార్జర్ తీసి, బ్యాటరీ తీసి, పవర్ బటన్ పదిహేను సెకన్లు నొక్కి పట్టండి. అడుగున చిన్న మూత ఉంటే దాని కింద, లేకపోతే పెద్ద ప్యానెల్ కింద, రెండు సన్నటి వైర్లు తగిలించిన కార్డు కనిపిస్తుంది. పొడవు కొలవండి. దాదాపు 51 మిల్లీమీటర్లుంటే ఫుల్ సైజు, 27 ఉంటే హాఫ్. ఫుల్ స్లాట్‌లో హాఫ్ కార్డు పెట్టొచ్చు, కాకపోతే స్క్రూ దాకా అందడానికి పొడిగింపు ప్లేటు ఒకటి కావాలి. హాఫ్ స్లాట్‌లో ఫుల్ కార్డు కుదరదు. పక్కనే అలాంటిదే ఇంకో ఖాళీ స్లాట్ కనిపిస్తే ఆశపడకండి. అది ఎంసాటా డిస్కుకో (చిన్న ఎస్‌ఎస్‌డీ), సిమ్ డేటా కార్డుకో పెట్టింది అయి ఉంటుంది. కనెక్టర్ చూడ్డానికి ఒకటే, లోపలి గీతలు వేరు. పాత కార్డు లేబుల్‌ని రెండు వైపులా ఫొటో తీసుకోండి. ఏ వైరు ఏ నంబరు దగ్గరుందో కూడా అందులో పడాలి.

ఎక్కువ మంది దెబ్బతినేది బయోస్ దగ్గర. ఆ కాలపు లెనోవో, హెచ్‌పీ ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో బయోస్ దగ్గర అనుమతించిన కార్డుల జాబితా ఉంటుంది. జాబితాలో లేనిది పెడితే మెషిన్ ముందుకు కదలదు. థింక్‌ప్యాడ్‌లో 1802 నంబరుతో 'అనధికార నెట్‌వర్క్ కార్డు' అన్న ఎర్రర్ వస్తుంది, హెచ్‌పీలో 104 నంబరుతో 'సిస్టమ్ హాల్టెడ్' అని ఆగుతుంది. కార్డు చెడిపోలేదు, ల్యాప్‌టాప్ చెడిపోలేదు. కార్డు తీసేస్తే మళ్లీ మామూలే. డెల్, ఏసస్, ఏసర్‌లలో సాధారణంగా ఈ గోల ఉండదు.

ఈ జాబితా చిప్ పేరు ఒక్కటే చూడదు, కార్డు ఎవరి కోసం తయారైందో చెప్పే సబ్‌సిస్టమ్ ఐడీ కూడా చూస్తుంది. అందుకే 'మా ఫ్రెండ్ ల్యాప్‌టాప్‌లో ఇదే ఇంటెల్ కార్డు ఉంది, నాదాంట్లో ఎందుకు రాదు' అన్న ప్రశ్న పదే పదే వస్తుంటుంది. చిప్ అదే, ఐడీ వేరు. లెనోవో అయితే ఎఫ్‌ఆర్‌యూ నంబరు (వాళ్ల విడిభాగం నంబరు), హెచ్‌పీ అయితే స్పేర్ పార్ట్ నంబరు చూసి కొనాలి. ఆ నంబర్లు మీ మోడల్ సర్వీస్ మాన్యువల్‌లో ఉంటాయి, పీడీఎఫ్ ఉచితంగానే దొరుకుతుంది. ఉదాహరణకి థింక్‌ప్యాడ్ ఎక్స్220, టీ420లకి ఇంటెల్ 6205 కార్డు ఎఫ్‌ఆర్‌యూ 60వై3253. అది రెండు బ్యాండ్లలోనూ (2.4, 5 గిగాహెర్ట్జ్) 300 ఎంబీపీఎస్ లింకు ఇస్తుంది, మీ 100 ప్లాన్‌కి ధారాళంగా సరిపోతుంది.

జాబితాని తప్పించుకునే దారులు లేకపోలేదు. టీ430, ఎక్స్230 తరానికి 1వైరెయిన్ అనే ఉచిత టూల్ ఉంది, కొన్ని బయోస్ వెర్షన్ల మీదే పనిచేస్తుంది. మిగతావాటికి బయోస్ చిప్‌కి క్లిప్ తగిలించి, మార్చిన బయోస్‌ని సీహెచ్341ఏ ప్రోగ్రామర్‌తో (చిప్‌లోకి రాసే పరికరం) రాయాలి. రాసేముందు పాత బయోస్‌ని రెండుసార్లు చదివి రెండు ఫైళ్లూ ఒకటేనా అని పోల్చుకోనివాళ్లు ఆ పని మొదలుపెట్టకపోవడం మంచిది. విండోస్ వచ్చాక కార్డు గుచ్చమనే వీడియోలు కూడా కనిపిస్తాయి. కరెంటు పారుతున్న స్లాట్‌లో కార్డు వంకరగా దిగితే మదర్‌బోర్డే పోతుంది.

జాబితా బెడద లేని మెషిన్ అయితే నా ఓటు ఇంటెల్ 7260కి, హాఫ్ మినీ కార్డు రూపంలో. లేబుల్ మీద 7260హెచ్‌ఎండబ్ల్యూ అని ఉంటుంది. 11ఏసీ (11ఎన్ తర్వాతి తరం), రెండు యాంటెన్నాలు, 867 ఎంబీపీఎస్ లింకు, బ్లూటూత్ 4.0. విండోస్ 7కీ 10కీ డ్రైవర్లున్నాయి, లినక్స్‌లో దానంతట అదే పనిచేస్తుంది. ఒక్క మోసం గమనించాలి. ఆ అక్షరాల తర్వాత ఏఎన్ అని ఉంటే అది 11ఎన్ రెండు బ్యాండ్ల కార్డు. బీఎన్ అని ఉంటే 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే, అంటే మళ్లీ మీరు ఇప్పుడున్న చోటే. ఆన్‌లైన్ లిస్టింగ్‌లలో మూడింటినీ ఒకే పేరుతో అమ్ముతుంటారు, కాబట్టి లేబుల్ ఫొటో లేని చోట కొనకండి. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్ లాంటి చోట పాత ల్యాప్‌టాప్‌ల నుంచి తీసిన కార్డులు అడిగితే, కళ్లతో చూసి తీసుకునే సౌకర్యమైనా ఉంటుంది.

లినక్స్ మాత్రమే వాడేవాళ్లకి ఏథెరోస్ ఏఆర్9462 కూడా మంచిదే. వైఫైకి విడిగా ఫర్మ్‌వేర్ ఫైలు అక్కర్లేదు, ఏథ్9కే డ్రైవర్ చాలు. స్పీడు 11ఎన్ వరకే. బ్రాడ్‌కామ్ కార్డులు మాత్రం వద్దంటాను. కెర్నల్ (లినక్స్ మూల ప్రోగ్రామ్) అప్‌డేట్ అయిన ప్రతిసారీ విడి డ్రైవర్ కోసం తిరగాల్సి రావచ్చు.

మినీ స్లాట్‌లోకి ఎం.2 కార్డు పెట్టే అడాప్టర్లు ఉన్నాయి కదా అంటారేమో. ఉన్నాయి, పనిచేస్తాయి కూడా. కానీ ఎత్తు పెరిగి మూత సరిగా మూసుకోదు, హాఫ్ స్లాట్‌లో పొడవు పట్టకపోవచ్చు. పైగా వైర్ల కొనలు కలవవు. మినీ కార్డులది యూ.ఎఫ్‌ఎల్ కొన, ఎం.2 కార్డులది అంతకన్నా చిన్నదైన ఎంహెచ్‌ఎఫ్4. మధ్యలో మార్పిడి తీగలు కావాలి. ఇంత చేసినా ఇంటెల్ ఏఎక్స్200, 210 కార్డులకి విండోస్ 7 డ్రైవర్ ఇవ్వలేదు, 64 బిట్ విండోస్ 10 ఉండాల్సిందే. 100 ఎంబీపీఎస్ ప్లాన్ కోసం ఇంత తిప్పలు దండగ.

వైర్లు లెక్కపెట్టారా? నలుపు, తెలుపు, బూడిద రంగుల్లో ఏది మెయిన్ (మొదటి యాంటెన్నా), ఏది ఆక్స్ (రెండోది) అన్నది కంపెనీని బట్టి మారుతుంది, ముందు తీసిన ఫొటోనే నమ్మండి. చవక మోడళ్లలో ఒక్క వైరే ఉంటుంది. రెండు యాంటెన్నాల కార్డుకి ఒక్క వైరే తగిలిస్తే వైఫై నడుస్తుంది కానీ 867 లింకు రాదు, బ్లూటూత్ కూడా పక్క గదికి అందకపోవచ్చు. దీనికి దారి, రెండో వైరుగా అంటించుకునే పల్చటి యాంటెన్నా. 5 గిగాహెర్ట్జ్‌కి కూడా పనికొచ్చేదే తీసుకుని, లోపల ఇనుప రేకులకి దూరంగా ప్లాస్టిక్ అంచున అంటించండి.

కొత్త కార్డు బిగించే ముందు దాని డ్రైవర్‌ని పెన్‌డ్రైవ్‌లో దించిపెట్టుకోండి. బిగించాక నెట్ ఉండదు కదా. మర్చిపోతే ఆండ్రాయిడ్ ఫోన్‌ని కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ పెట్టండి. పాత డ్రైవర్ సాఫ్ట్‌వేర్‌ని కూడా ముందే తీసేయండి. వైరు కొనల్ని పక్కకి లాగకుండా, ప్లాస్టిక్ పుల్లతో కింద నుంచి నిటారుగా పైకి లేపాలి. స్క్రూ విప్పగానే కార్డు దానంతట అదే ఏటవాలుగా లేస్తుంది, అదే కోణంలో బయటికి లాగండి. కొత్తది కూడా అదే కోణంలో దించి, కిందకి నొక్కి, స్క్రూ వెయ్యండి. వైరు కొనని రంధ్రం మీద సరిగ్గా నిలబెట్టి బొటనవేలితో నొక్కితే చిన్న టిక్ వినిపిస్తుంది. వినిపించకపోతే దిగలేదని అర్థం. ఆ కొనలు పాతిక ముప్పై సార్లకి మించి ఊడదీసి పెట్టడానికి చేసినవి కావు, ఊరికే పరీక్షలు పెట్టొద్దు.

పెట్టాక వచ్చే తంటాలు ఇవి. రూటర్ పక్కనే ఉన్నా ఒక్క గీత సిగ్నలే వస్తోందంటే వైరు కొన దిగలేదు. కార్డు డివైస్ మేనేజర్‌లో ఉంది కానీ వైఫై ఎప్పుడూ 'ఆఫ్' అనే చూపిస్తోందంటే ల్యాప్‌టాప్ స్విచ్ సంకేతం కొత్త కార్డుకి కుదరలేదు. కార్డు 20వ పిన్ను వైఫైని ఆపే తీగ. దాన్ని సన్నటి క్యాప్టన్ టేపుతో (వేడిని తట్టుకునే టేపు) మూసేస్తే సరి. సరి సంఖ్యల పిన్నులన్నీ కార్డు వెనక వైపుంటాయి. గాటు దాటాక అక్కడ మొదటిది 18, రెండోది 20. టేపు పక్క పిన్ను మీదకి పోకూడదు, మామూలు సెల్లో టేపు వేడికి జిగురు వదిలి స్లాట్‌ని పాడుచేస్తుంది.

వైఫై వచ్చి బ్లూటూత్ రాకపోతే, కార్డులోని బ్లూటూత్ నడిచేది యూఎస్‌బీ తీగల మీద అని గుర్తుంచుకోండి. కొన్ని బోర్డుల్లో ఆ స్లాట్‌కి యూఎస్‌బీ తీగలు అసలు వేసి ఉండవు. అప్పుడు చేసేదేమీ లేదు, చిన్న బ్లూటూత్ డాంగిల్ కొనుక్కోవడమే.

5 గిగాహెర్ట్జ్ పేరు ఇప్పటికీ కనబడకపోతే తప్పు రూటర్ సెట్టింగ్‌లో ఉండొచ్చు. 5 గిగాహెర్ట్జ్ ఛానెల్‌ని 36 నుంచి 48 మధ్యలో పెట్టి చూడండి. 52 నుంచి 144 వరకు రాడార్ నిబంధనలున్న ఛానెళ్లు, పాత కార్డులు వాటి దగ్గర తడబడతాయి. 2.4లో 12, 13 ఛానెళ్లు కూడా అంతే. అమెరికా కోసం తయారైన కార్డు 11 దాటి చూడదు. వైఫై 6 రూటర్ అయితే ఇంకో చిక్కు: పాత డ్రైవర్ ఉన్న 7260 లాంటి కార్డులకి 11ఏఎక్స్ నెట్‌వర్క్ పేరే కనిపించకపోవచ్చు. ఇంటెల్ నుంచి కొత్త డ్రైవర్ వేస్తే కనిపిస్తుంది. రూటర్‌లో డబ్ల్యూపీఏ3 ఒక్కటే పెట్టి ఉంటే దాన్ని డబ్ల్యూపీఏ2తో కలిసి ఉండే పద్ధతికి మార్చండి.

బయోస్ ఒప్పుకోక, ఒప్పుకునే కార్డు దొరక్కపోతే యూఎస్‌బీ అడాప్టర్. ఇందులో నామోషీ ఏమీ లేదు. యూఎస్‌బీ 2.0 పోర్టులోనూ మీ 100 ప్లాన్ పూర్తిగా వస్తుంది. అట్ట మీద ఏసీ600 అంటే రెండు బ్యాండ్ల లెక్కలు 150, 433 కూడి గుండుగుత్తగా వేసిన అంకె, ఏసీ1200 అంటే 300, 867. ఒకేసారి ఒక బ్యాండే వాడతారు కాబట్టి రెండో అంకెనే పట్టించుకోండి. లినక్స్‌కి మీడియాటెక్ ఎంటీ7612యూ చిప్ ఉన్నది వెతకండి, 4.19 కెర్నల్ నుంచి దాని డ్రైవర్ అందులోనే ఉంది. ఒకే మోడల్ పేరు కింద వెర్షన్ మారినప్పుడు లోపలి చిప్పే మారిపోతుంది, అందుకే వెర్షన్ నంబరు కూడా అడగాలి. యూఎస్‌బీ 3.0 పోర్టులో పెడితే ఆ పోర్టు రొదే 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌ని చెడగొడుతుంది. 5లో వాడండి, లేదా చిన్న ఎక్స్‌టెన్షన్ వైరుతో కాస్త దూరం జరపండి.

ఇదే ప్రశ్నతో వచ్చే మిగతావాళ్లకి రెండు ముక్కలు. 2014 తర్వాతి ల్యాప్‌టాప్‌లో ఎం.2 స్లాటే ఉంటే ఏఎక్స్200, ఏఎక్స్210 రెండూ నడుస్తాయి, బయోస్ జాబితా లేకపోతే. థింక్‌ప్యాడ్ టీ440 తరంలోనూ జాబితా ఉంది, జాగ్రత్త. ఏఎక్స్201, ఏఎక్స్211, 9560 మాత్రం కొనొద్దు. స్లాట్‌లో చక్కగా కూర్చుంటాయి, కానీ వాటిలో సగం పని ప్రాసెసరే చెయ్యాలి. ఆ ఏర్పాటు, అంటే సీఎన్‌వీఐ, ఉన్న కొత్త ఇంటెల్ ప్రాసెసర్లతోనే అవి కనిపిస్తాయి. డెస్క్‌టాప్ అయితే పీసీఐ ఎక్స్‌ప్రెస్ ఎక్స్1 కార్డు, పెద్ద స్లాట్‌లో అయినా పెట్టొచ్చు. బ్లూటూత్ కావాలంటే దానితో వచ్చే వైరుని మదర్‌బోర్డు మీది 9 పిన్నుల యూఎస్‌బీ హెడర్‌కి తగిలించాలి. సగం మంది ఇది వదిలేసి కార్డు పాడైందని వెనక్కి పంపుతారు.

మీ ల్యాప్‌టాప్ పూర్తి మోడల్ నంబరు, పాత కార్డు లేబుల్ ఫొటో, లోపల ఎన్ని వైర్లున్నాయో ఈ ప్రశ్న కిందే పెట్టండి, ఏ కార్డు కొనాలో నంబరుతో చెబుతాను. ఫొటోలో సీరియల్ నంబరు, మ్యాక్ అడ్రస్ కనపడకుండా చెరిపేసి పెట్టండి.